బెంజ్ ఏ-క్లాస్ డబ్ల్యూ176: ఈ చెడ్డపేరు కారుదా, చూసుకోనివాళ్లదా?

కొత్తచూపు:
అందరికీ నమస్కారం. 2013 నుంచి 2018 దాకా అమ్మిన మెర్సిడెస్ ఏ-క్లాస్ (డబ్ల్యూ176 తరం) హ్యాచ్‌బ్యాక్‌లు ఇప్పుడు హైదరాబాద్ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కొత్త మారుతి, హ్యుందాయ్ హ్యాచ్‌బ్యాక్ ధరకే వస్తున్నాయి. 2014 ఏ180 సీడీఐ ఒకటి, 2016 ఏ200 డీ ఒకటి చూశాను. ఎవరినడిగినా వద్దనే అంటున్నారు, కారణం మాత్రం తలా ఒకటి చెబుతున్నారు. ఒకరు బెంజ్ గుర్తు తగిలించిన రెనో ఇంజిన్ అంటారు. ఇంకొకరు గేర్‌బాక్స్ పోతే కారు ధర పెట్టాలంటారు. అడుగు తగులుతుందని, వెనక సీటు పనికిరాదని మరికొందరు. ఇందులో నిజమెంత, వినికిడి ఎంత? వాడకం ఎక్కువగా ఊళ్లోనే, నెలకు 800 కి.మీ. లోపు. విప్పి చూసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

గేర్‌పెట్టె:
ముందు రెనో మాట తేల్చేద్దాం. మన దేశంలో అమ్మిన డబ్ల్యూ176 డీజిల్‌లో ఉన్నది ఓఎం651. 2143 సీసీ, నాలుగు సిలిండర్లు, పూర్తిగా మెర్సిడెస్ సొంత ఇంజిన్. సీ-క్లాస్‌లో, ఈ-క్లాస్‌లో ఉన్నదీ ఈ కుటుంబమే. ఈ250 సీడీఐలో రెండు టర్బోలతో 204 హార్స్‌పవర్ దాకా లాగారు. అదే ఇంజిన్‌ను ఏ180 సీడీఐలో 109 హార్స్‌పవర్‌కి, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి కట్టేశారు. తర్వాత వచ్చిన ఏ200 డీలో 136, 300. అంటే ఇంజిన్‌కి భారమన్నదే లేదు.

గందరగోళమంతా యూరప్ నుంచి వచ్చింది. అక్కడ అదే 'ఏ180 సీడీఐ' పేరు మీద 1461 సీసీ ఇంజిన్ అమ్మారు. అది నిజంగానే రెనోది. బండి వెనక అక్షరాలు ఒకటే, లోపల ఇంజిన్లు వేరు. అనుమానముంటే ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీ గడి చూడండి. 2143 అని ఉంటే ఇక ఆ వాదన అక్కడితో సరి.

లీడ్స్_తెలుగు:
గేర్‌పెట్టె గారు చెప్పింది నిజం. ఇక్కడ బ్రిటన్‌లో రోడ్ల మీద కనిపించే ఏ180 సీడీఐల్లో చాలావరకు ఆ 1.5 ఇంజినే, మెర్సిడెస్ దాన్ని ఓఎం607 అంటుంది. దానికి టైమింగ్ చైన్ (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా తిప్పే గొలుసు) ఉండదు, బెల్టు ఉంటుంది. సమయానికి మార్చకపోతే, తెగిన రోజు వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పోతుంది. ఇక్కడి వీడియోలు, రివ్యూలు చూసి ఇండియా కారు గురించి తీర్పు చెప్పేవాళ్లు ఈ తేడా గమనించరు. అయినా ఆ 1.5 కూడా చెత్త ఇంజినేమీ కాదు. నిస్సాన్, రెనో, డాసియా కార్లలో లక్షల కి.మీ. తిరుగుతోంది. బెంజ్ ధర పెట్టి కొన్నవాళ్లకు మింగుడుపడలేదు, అంతే.

బెజవాడటార్క్:
ఇంజిన్ సొంతదే కావచ్చు, కానీ ఓఎం651 మచ్చలేనిది అన్నట్టు రాయడం సరికాదు. దాని టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. గైడ్లతో సహా మొత్తం మార్చాలంటే ముందున్న నాలుగు బోల్టులు విప్పితే అయ్యే పని కాదు. ఇంజక్టర్ల కింద రాగి వాషర్లు కారితే పొగ పైకి తన్ని, తారులా గట్టిపడి ఇంజక్టర్ చుట్టూ పేరుకుంటుంది. ఆ స్థితిలో ఇంజక్టర్ బయటికి తీయడమే ఒక రోజు పని.

గేర్‌పెట్టె:
ఒప్పుకుంటాను. మచ్చలున్నాయి, అయితే కొనకముందే పట్టుకోగల మచ్చలు. ఎలాగో చెబుతాను.

చైన్: బండిని రాత్రంతా ఆపి ఉంచమనండి. పొద్దున మీరు వెళ్లేసరికి బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే చూడటం మానేసి ఇంకో రోజు రండి. స్టార్ట్ చేశాక మొదటి రెండు మూడు సెకన్లు ఇంజిన్‌కి గేర్‌బాక్స్ కలిసే వైపు నుంచి గలగలమని లోహపు శబ్దం వస్తుందేమో వినండి. టెన్షనర్‌లో నూనె కిందికి దిగిపోతే ఒక సెకను చప్పుడు చేసి ఆగిపోతుంది, టెన్షనర్‌తో సరిపోతుంది. నాలుగైదు సెకన్లు సాగినా, వేడెక్కాక ఐడిలింగ్‌లోనూ వినపడినా ఆ బండి వదిలేయండి.

ఇంజక్టర్లు: పైన ప్లాస్టిక్ కవర్ లాగితే వచ్చేస్తుంది. ఇంజక్టర్లు దిగే గుంతల్లోకి టార్చి వేసి చూడండి. పొడిగా, బూడిదరంగులో ఉండాలి. నల్లగా తారు కట్టి ఉంటే వాషర్ కారుతోందని అర్థం. 'చఫ్ చఫ్' అని రైలింజన్ చప్పుడు కూడా వస్తుంది. వాషర్, బిగించే బోల్టు రెండూ ఒక్కసారి వాడేవే. పాత బోల్టే బిగించిన గ్యారేజీ పని ఆరు నెలలు కూడా ఆగదు, ఎందుకంటే ఆ బోల్టు సాగి బిగుసుకునే రకం. రెండోసారి అంత పట్టు ఇవ్వదు. గుంత అడుగున వాషర్ కూర్చునే చోటు శుభ్రంగా గీకకుండా కొత్త వాషర్ వేసినా మళ్లీ కారుతుంది.

నూనె: 229.51 లేదా 229.52 అనే మెర్సిడెస్ అనుమతి డబ్బా మీద రాసి ఉండాలి. కంపెనీ లెక్క 15,000 కి.మీ. లేదా ఏడాది. మన ట్రాఫిక్‌లో, మీలా తక్కువ తిరిగేవాళ్లకి 10,000 లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఈ ఒక్క అలవాటు చైన్‌ని కాపాడినంతగా ఇంకేదీ కాపాడదు.

ఓరుగల్లు_రెంచి:
ఇంజిన్ సంగతి సరే అన్నా, అసలు భయం గేర్‌బాక్స్‌దే కదా. దాని గురించి ఎవ్వరూ సరిగ్గ చెప్తలేరు. మందికి ఉన్న భయం ఎక్కడిదంటే, ఆ టైంలనే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మస్తు ఖరాబైనయి. అవి డ్రై క్లచ్‌వి. బెంజ్ 7జీ-డీసీటీ, అంటే ఈ కారుల ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెట్ క్లచ్. క్లచ్ ప్లేట్లు నూనెల మునిగి ఉంటయి, వేడి నూనె గుంజుకుంటది. రెండిటికీ ఏడు గేర్లు, రెండు క్లచ్‌లు ఉన్నయని ఒకటే గాటన కట్టుడు తప్పు.

గని వెట్ క్లచ్‌కు ఒక శాపం ఉంటది. ప్లేట్లు అరిగిన పొడి అంతా ఆ నూనెలనే తిరుగుతది. అదే నూనె వాల్వులకు పోతది, సెన్సార్ల మీద పడ్తది. నూనె మార్చకపోతే ఏమైతదో మీరే ఆలోచించుర్రి.

గేర్‌పెట్టె:
వందశాతం. నా లెక్కలో ఈ కారు చెడ్డపేరు సగం ఇక్కడే పుట్టింది. వారంటీ ఉన్నంతకాలం షోరూమ్‌కి వెళ్తాయి. రెండో యజమాని చేతికి వచ్చాక 'ఇది సీల్డ్ గేర్‌బాక్స్, నూనె అక్కర్లేదు' అని ఎవరో చెబుతారు. లక్ష కి.మీ. అదే నూనె మీద తిరుగుతుంది.

చేయాల్సింది ఇదీ. 50,000 నుంచి 60,000 కి.మీ. మధ్య నూనె, ఫిల్టర్ రెండూ మార్చాలి. నూనె మీద 236.21 అనే అనుమతి ఉండాలి. మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ పోస్తే క్లచ్ పట్టు మారిపోయి వణుకు మొదలవుతుంది. ఆరు లీటర్ల దాకా దగ్గర పెట్టుకోండి. బండి నాలుగు వైపులా సమంగా లేవాలి, ముందు మాత్రమే జాకీ మీద ఎత్తితే లెవెల్ తప్పు చూపిస్తుంది. బయటికి వచ్చిన పాత నూనె ఎంతో కొలిచి రాసుకోవాలి. పోశాక ఇంజిన్ నడుస్తుండగా, స్కానర్‌లో గేర్‌బాక్స్ నూనె వేడి చూసుకుంటూ, చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర ఎక్కువైనది పొంగి కారేలా లెవెల్ సరిచేయాలి. వేడి చూడకుండా అందాజగా పోసే గ్యారేజీకి ఇవ్వకండి. చివర్లో స్కానర్‌తో క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేయించాలి. అది చేయకపోతే కొత్త నూనె వేశాక కూడా మొదటి గేరులో కుదుపు ఉంటుంది, 'నూనె మార్చాక పాడైంది' అని నింద పడుతుంది.

బెజవాడటార్క్:
కంట్రోల్ యూనిట్ మాట చెప్పలేదు మీరు. అసలు ఖర్చు అక్కడే కదా.

గేర్‌పెట్టె:
వస్తున్నాను. 7జీ-డీసీటీలో 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6 మరో క్లచ్ మీద ఉంటాయి. గేర్ ఫోర్కు ఎక్కడుందో చెప్పే సెన్సార్లు కంట్రోల్ యూనిట్‌లోనే కలిసి ఉంటాయి. ఒక సెన్సార్ తప్పు చెబితే ఆ వైపు క్లచ్‌ని కంప్యూటర్ మూసేస్తుంది. అప్పుడు బండి బేసి గేర్లలోనో సరి గేర్లలోనో మాత్రమే నడుస్తుంది. డ్రైవర్‌కి తెలిసేది ఏమిటంటే, కదిలేటప్పుడు నీరసంగా ఉండటం, గేరు మారినప్పుడు పెద్ద అంగ, కొన్నిసార్లు రివర్స్ పడకపోవడం.

ఈ యూనిట్ దొంగతనం నిరోధించే భాగాల జాబితాలో ఉంది. పాత బండి నుంచి తీసిన దాన్ని పెట్టేస్తే సరిపోదు, ఛాసిస్ నంబర్‌కి ముడిపెట్టి కంపెనీ సర్వర్ ద్వారా కోడింగ్ చేయాలి. తుక్కు మార్కెట్లో తక్కువకి దొరికిందని కొనేసి, పెట్టాక బండి కదలక ఇరుక్కునేది ఇందుకే. సెన్సార్ల వరకే బాగుచేసి, అదే యూనిట్‌ని తిరిగి పెట్టేవాళ్లు ఇప్పుడు పెద్ద ఊళ్లలో ఉన్నారు. కోడింగ్ గొడవ తప్పుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. 'గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి' అని ఎవరన్నా ముందు ఫాల్ట్ కోడ్ కాగితం మీద ఇమ్మనండి.

టైరుగుర్తు:
మీరంతా ఇంజిన్, గేర్‌బాక్స్‌ల్లోనే ఉన్నారు. ఈ కారు నిజంగా తలదించుకోవాల్సింది కిందిభాగం విషయంలో. జర్మనీ రోడ్లకి బిగించిన స్ప్రింగులు, కింద వాలుగా సాగే పొడవాటి బంపర్. 2699 మి.మీ. వీల్‌బేస్ ఉన్న బండి నడుము మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద రాసుకోక ఏం చేస్తుంది? ఇది వినికిడి కాదు, నూటికి నూరుపాళ్లు నిజం.

రైడ్ సంగతి. చిన్న డీజిల్‌కి 205/55 ఆర్16 టైర్లు వచ్చాయి, స్పోర్ట్ రకానికి 225/45 ఆర్17. లెక్క వేయండి: మొదటి దాని పక్కగోడ ఎత్తు సుమారు 113 మి.మీ., రెండోది 101. ఆ 12 మి.మీ. అదనపు రబ్బరే గుంతలో రిమ్ముని కాపాడేది. ఊళ్లో తిరిగేవాళ్లు 17 అంగుళాల రిమ్ముల మోజు మానుకోవాలి.

205/60 ఆర్16 వేయొచ్చా అని తప్పకుండా అడుగుతారు. మొత్తం వ్యాసం 632 నుంచి 652 మి.మీ.కి పెరుగుతుంది. బండి 10 మి.మీ. లేస్తుంది. అసలు వేగం స్పీడోమీటర్ చూపే దానికన్నా 3 శాతం ఎక్కువుంటుంది. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, నలుగురు కూర్చున్నప్పుడు లోపలి లైనర్‌కి తగలట్లేదని చూసుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే తెలియజేస్తే మంచిది. స్ప్రింగుల కింద రబ్బరు స్పేసర్లు మాత్రం వద్దు. డ్రైవ్‌షాఫ్ట్ కోణం మారి బూట్లు చిరుగుతాయి, ఎత్తిన బండి బ్రేక్ వేస్తే ముక్కు దించుతుంది.

ఓరుగల్లు_రెంచి:
టైరన్న చెప్పినదానికి కలుపుత. బండి లిఫ్ట్ మీద ఎక్కియ్యకుండ కొనొద్దు. ఇంజిన్ కింద ప్లాస్టిక్ తట్ట ఉంటది. స్పీడ్ బ్రేకర్లకు తగిలి క్లిప్పులు ఊడి, జిప్ టైలతోని కట్టినట్టు కనవడ్తే బండిని ఎట్ల తోలిండ్రో అర్థమైతది. ఆ తట్ట తీపియ్యి. నూనె సంప్ అడుగున సొట్ట ఉన్నదా చూడు. ముందు లోయర్ ఆర్మ్ వెనుక బుష్ రబ్బరు చీలిందా, స్టెబిలైజర్ లింకు ఊగుతున్నదా ప్రైబార్ పెట్టి కదిలించి చూడు. గుంతల రోడ్డుల 30 వేగంల 'టక్ టక్' అంటే ఎక్కువసార్లు ఆ లింకే. అగ్గువల అయిపోతది. దాన్ని షాక్ అబ్జార్బర్ పోయిందని చెప్పి జతకు జత మార్పిస్తరు, జర పైలం.

చక్రం బోల్టులు 130 న్యూటన్ మీటర్లు. పంచర్ షాపుల గన్ను పెట్టి గుంజితే డిస్కు వంకర పోతది, తర్వాత బ్రేక్ వణుకుతదని వస్తరు.

118డీ:
ఇంత కష్టపడే బదులు బీఎండబ్ల్యూ 1 సిరీస్ ఎఫ్20 చూడమంటాను. 2013లోనే మన దగ్గరికి వచ్చింది. వెనక చక్రాల డ్రైవ్, జడ్‌ఎఫ్ 8 గేర్ల ఆటోమేటిక్. టార్క్ కన్వర్టర్ కాబట్టి ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు వెన్నలా కదులుతుంది. 118డీలో 143 హార్స్‌పవర్. ప్రీమియం కారు అంటే నడిపేవాడికి తేడా తెలియాలి. ఏ-క్లాస్‌లో అది తక్కువ.

గేర్‌పెట్టె:
ఆ గేర్‌బాక్స్ గురించి మీరన్నది నిజమే, 7జీ-డీసీటీ దాని పక్కన నిలబడదు. కానీ మొదటి 118డీలో ఉన్నది ఎన్47 ఇంజిన్. టైమింగ్ చైన్ విషయంలో ప్రపంచమంతా పేరు మోసింది అదే, అదీ ఇంజిన్ వెనకవైపే. ఓఎం651 చైన్‌కి భయపడేవాళ్లకి ఎన్47 చూపించడం న్యాయం కాదు. ఎఫ్20 కావాలంటే 2015 ఫేస్‌లిఫ్ట్ తర్వాత వచ్చిన బీ47 ఇంజిన్ వెతకాలి. వెనక సీటు అందులోనూ ఇరుకే, మధ్యలో ట్రాన్స్‌మిషన్ గుట్ట అదనం.

లీడ్స్_తెలుగు:
ఒక విషయం ఎవరూ అనలేదు. ఏ-క్లాస్‌కి చెడ్డపేరు డబ్ల్యూ176తో మొదలవలేదు. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక ఒకటి దుప్పి అడ్డొచ్చినప్పుడు తప్పించుకునే పరీక్ష చేస్తే, మొదటి తరం డబ్ల్యూ168 బోల్తా పడింది. మెర్సిడెస్ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఈఎస్‌పీని (బండి జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) అన్ని ఏ-క్లాస్‌లకూ తప్పనిసరి చేసింది. అంత చిన్న కారులో ఈఎస్‌పీ మామూలుగా ఇవ్వడం ఆ రోజుల్లో లేదు. మిగతా కంపెనీలూ తర్వాత అదే దారి పట్టాయి. పరువు పోయిన కారే రోడ్డు భద్రతకి మేలు చేసింది, ఇది చెప్పుకోవాలి.

డబ్ల్యూ176 అసలు ఆ ఎత్తైన పాత డిజైన్‌కి సంబంధమే లేని కొత్త కారు. 2012లో యూరో ఎన్‌సీఏపీ భద్రతా పరీక్షల్లో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. వెనక సస్పెన్షన్ అన్ని రకాల్లోనూ మల్టీ-లింకే. 2018లో వచ్చిన డబ్ల్యూ177లో చవక రకాలకి టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెండిటినీ కలిపే ఒకే దూలం) వేశారు. ఆ ఒక్క విషయంలో పాతదే గట్టిది.

కొత్తచూపు:
చాలా థాంక్స్ అందరికీ. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, వెనక సీటు గురించి ఎవరైనా నిజం చెప్పండి. ఇంకో మాట, ఆ 2014 బండి ఢిల్లీ నంబర్‌ది. అందుకే ధర తక్కువ.

బెజవాడటార్క్:
వెనక సీటుకి చెడ్డపేరు న్యాయమే. తలుపు చిన్నది, పైకప్పు వెనక్కి వాలుగా దిగుతుంది. ఎక్కేటప్పుడు తల వంచాలి, దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు వేసి లేవాలి. పెద్దవాళ్లకి అది రోజూ ఇబ్బంది. ముందు సీటులో హెడ్‌రెస్ట్ సీటుతో ఒకే ముక్కగా ఉంటే వెనకవాళ్లకి ముందు ఏమీ కనపడదు. ఊళ్లో పది నిమిషాలకి పర్వాలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ కూర్చోబెట్టకండి. అమ్మానాన్నలు వెనక కూర్చునే ఇల్లయితే ఇది మీ కారు కాదు. ఆ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఆర్‌సీ_కాగితం:
ఢిల్లీ బండి గురించి. పదేళ్లు దాటిన డీజిల్‌ బండ్ల మీద అక్కడ పెట్టిన ఆంక్షలే ఆ ధరకి కారణం. తెలంగాణలో, ఆంధ్రలో ప్రైవేటు డీజిల్ కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చేయించి పొడిగించుకోవచ్చు. కాబట్టి ఇక్కడ తిప్పడానికి అడ్డేమీ లేదు. కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు వరసగా చూడండి.

పరివాహన్‌లో నంబర్ కొట్టి ఆర్‌సీ స్థితి చూడాలి. రద్దయినట్టు చూపిస్తే అక్కడితో ఆపేయాలి. లోన్ ఉండి ఉంటే బ్యాంకు ఇచ్చిన ఫారం 35 కావాలి. ఫారం 28 మీద ఎన్‌ఓసీ మీ జిల్లా ఆర్‌టీఏ పేరు మీదే వచ్చి ఉండాలి, వేరే ఊరి పేరుంటే మళ్లీ మొదటికి వస్తుంది. ఇక్కడికి వచ్చాక ఫారం 27తో కొత్త నంబర్, 29, 30తో పేరు మార్పు. బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి, ఢిల్లీలో కట్టింది ఇక్కడ చెల్లదు. ఆ మొత్తం ఆర్‌టీఏలో ముందే కనుక్కుని బండి ధరకి కలపండి. కలిపాక లోకల్ బండికన్నా పెద్ద లాభం మిగలకపోవచ్చు.

టైరుగుర్తు:
ఢిల్లీ బండి అయితే బ్రేక్ పైపులు, సబ్‌ఫ్రేమ్ కూడా లిఫ్ట్ మీద చూడండి. వరద నీళ్లలో నిలిచిన బండ్లు రాష్ట్రాలు దాటి వస్తాయి. సీట్ బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మట్టి చార ఉందేమో, డిక్కీ అడుగు తివాచీ కింద తుప్పు ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

కొత్తచూపు:
రెండు బండ్లూ లిఫ్ట్ ఎక్కించి, స్కాన్ చేయించాను. రెండిటి ఆర్‌సీలోనూ 2143 ఉంది. 2014 దాంట్లో గేర్‌బాక్స్ నూనె మార్చినట్టు ఎక్కడా రికార్డు లేదు, తిరిగింది 91,000. ఫాల్ట్ కోడ్లు ఒక్కటీ లేవు. 2016 దానికి 54,000 దగ్గర గేర్‌బాక్స్ నూనె, ఫిల్టర్ మార్చిన బిల్లు ఉంది, ఇప్పుడు 72,000. అందులో సహాయక బ్యాటరీ లోపం అని ఒక కోడ్ వచ్చింది. టైర్ల మీద 1716 అని ఉంది. ఇంజక్టర్ గుంతలు రెండిట్లోనూ పొడిగానే ఉన్నాయి. పెద్దవాళ్లు ఎక్కువగా ఇంకో కారులోనే వెళ్తారు కాబట్టి వెనక సీటు సర్దుకుంటాం.

గేర్‌పెట్టె:
2016 దే తీసుకోండి. 1716 అంటే 2016లో 17వ వారం తయారైన టైర్లు, బండితో వచ్చినవే. గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. నాలుగూ మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. సహాయక బ్యాటరీ భయపడేది కాదు. 1.2 ఆంపియర్-అవర్ చిన్న బ్యాటరీ, ఈ వయసుకి పోవడం మామూలే. పెద్ద బ్యాటరీ ఎప్పుడు మార్చారో కూడా అడగండి. స్టార్ట్-స్టాప్ ఉన్న బండి కాబట్టి ఏజీఎం రకమే వేయాలి. మామూలుది వేసిన బండ్లలో ఓల్టేజీ పడిపోయి గేర్‌బాక్స్ కోడ్లు కూడా వస్తాయి.

2014 దాంట్లో కోడ్లు ఒక్కటీ లేవన్నారు. అంత పాత బండిలో చిన్నా చితకా కోడ్ ఒక్కటైనా ఉంటుంది. మీరు వచ్చేముందు తుడిచేసి ఉండొచ్చు. 91,000 దాకా నూనె మార్చని గేర్‌బాక్స్, ఢిల్లీ ట్యాక్స్ గొడవ రెండూ కలిపి ఒకే బండిలో ఎందుకు?

ఓరుగల్లు_రెంచి:
పైసలు ఇచ్చేముందు ఇంకొక్క పరీక్ష చెయ్యి తమ్మీ. బండి బాగా వేడెక్కినంక, అరగంట ట్రాఫిక్‌ల తిప్పినంక, ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆపు. బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ మెల్లగ తొక్కు. కదిలేటప్పుడు గడగడ వణికితే క్లచ్. చల్లగున్నప్పుడు బాగనే ఉంటది, వేడి మీదనే బయటపడ్తది. రోజు తోలేటప్పుడు గూడ ఎత్తు మీద యాక్సిలరేటర్ తోని బండిని నిలబెట్టొద్దు. బ్రేక్ గట్టిగ ఒక్కసారి లోపలికి తొక్కితే హోల్డ్ పడ్తది, దాని మీద వదిలెయ్యి. ముందు బండి నాలుగు గజాలు పోయినంకనే కదులు, అడుగడుగుకు పాకియ్యకు.